తీతువు గూటికి నాలుగు రాళ్ళు

కొంగల కుంట కట్ట ఎక్కి అవతలికి చూడగానే ఇంద్రమ్మకు గుండె గుభేలుమంది. ఎండి నెర్రెలిచ్చిన కుంట నడుమ జనం! ఒకరా ఇద్దరా, ఆడా మగా పిల్లా జెల్లా కలిసి జాతరకు వచ్చినట్టే వచ్చారు. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, నీళ్ళ సీసాలు. కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన టేపు పట్టుకుని అటూ ఇటూ పరుగులు పెడుతున్నాడు. ఇంకొకాయన బీడీ పంటికింద పెట్టుకుని అడుగులతోనే నేల కొలుస్తున్నాడు. వాళ్ళ నెత్తి మీద తీతువు పిట్టలు గొంతు చించుకుని అరుస్తూ తిరుగుతున్నాయి. ఆ అరుపులు ఎవరికీ పట్టలేదు.

'కొంప మునిగింది' అనుకుంది ఇంద్రమ్మ. నిజంగానే మునిగింది. ముంచింది కూడా తనే.

అది ఎనభై ఆరు ఎండాకాలం. దిల్‌సుఖ్‌నగర్ దాటితే పొలాలే అనే రోజులు పోయి, ఎల్.బి.నగర్ చౌరస్తా దాటినా ప్లాట్లే అనే రోజులు వచ్చాయి. జొన్న చేలు, కూరగాయల మడులు, అంగూరు తోటలు ఒక్కొక్కటే కాలనీలైపోతున్నాయి. నిన్న బర్రెలు మేసిన చోట ఇవాళ ఏదో ఒక పురి అనో నగర్ అనో బోర్డు. ఇంద్రమ్మది అక్కడి పాత ఊళ్ళో సేద్యం చేసుకున్న కుటుంబం. భర్త ఎల్లయ్య కుంట పక్కనే ద్రాక్ష పందిళ్ళు కట్టి అంగూరు తోట వేసి, దాన్ని పసిబిడ్డలా పెంచి, మూడేళ్ళ కింద పోయాడు. మరిది మల్లేశం సేద్యం వదిలేసి ప్లాట్ల వ్యాపారంలో దిగాడు. తోట కూడా ప్లాట్లు చేద్దామని మూడేళ్ళుగా వదిన చుట్టూ తిరుగుతున్నాడు. ఆమె సంతకం లేనిదే అందులో ఒక్క రాయి పాతడానికి లేదు. ఆమె పెట్టనంటే పెట్టనని కూర్చుంది.

పిట్టల పిచ్చి ఆమెకు అంటించింది సుమిత్రమ్మ. కోస్తా నుంచి వచ్చి చైతన్యపురిలో ఉంటూ ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మనిషి. అంగూరు కొనడానికి తోటకు వచ్చి, మెడలో వేలాడే బైనాక్యులర్స్ తీసి ఇంద్రమ్మ చేతికిచ్చి, కుంటలో కొంగను చూడమంది. ఇంద్రమ్మ చూసింది. కొంగ కన్ను అంత దగ్గరగా, అంత పచ్చగా కనబడితే నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. అంతే, ఆదివారం వచ్చిందంటే వంట కోడలికి వదిలేసి కుంటకు పరుగు. సుమిత్రమ్మతో వచ్చే నలుగురైదుగురిలో తనూ ఒకతె అయింది. ఇది పిట్టల తావు, పాడుచేయవద్దని వాళ్ళు కట్ట మీద బోర్డు పెట్టారు, ప్రభుత్వానికి అర్జీలు పెట్టారు. బోర్డును మేకలు ఒరుసుకున్నాయి, అర్జీలకు జవాబు రాలేదు.

పోయిన ఎండాకాలం చెరువు మట్టికి వచ్చిన లారీలు తీతువు గూళ్ళన్నింటినీ తొక్కేశాయి. గూడంటే పెద్దగా ఏమీ ఉండదు. నేల మీద చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్ళు, లోపల మట్టి రంగులోనే గుడ్లు. ఎదురుగా ఉన్నా కంటికి ఆనవు. చితికిన గుడ్ల పక్కన రెండు రోజులపాటు నిలబడి కూసిన తల్లి పిట్టను ఇంద్రమ్మ మరిచిపోలేకపోయింది. ఈసారి అట్లా కానివ్వనని పంతం పట్టింది. సుమిత్రమ్మ కర్రలకు గుడ్డపేలికలు కడదామంటే, "మేకలు తింటయ్ మేడం, రాళ్ళు పెడదాం" అంది. ఒక్కో గూటికి దూరదూరంగా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, వానకు పోకుండా తుమ్మబంక కలిపిన సున్నం తనే పూసింది. లారీల వాళ్ళు తెల్లరాళ్ళు చూసి పక్కనుంచి పోయారు. ఇంద్రమ్మ మురిసిపోయింది. సుమిత్రమ్మతో వచ్చేవాళ్ళంతా ఆమెను మెచ్చుకున్నారు.

ఖాళీ జాగాలో నాలుగు మూలలా నాలుగు తెల్లరాళ్ళు! ఆ రోజుల్లో ఎల్.బి.నగర్లో బడికి పోని పిల్లవాణ్ణి అడిగినా అదేమిటో చెబుతాడు. పిట్టలవాళ్ళకు తట్టకపోతే పోనీ, ప్లాట్లు అమ్మే మల్లేశం వదినకు తట్టవద్దూ? తట్టలేదు. గూళ్ళు ఆరూ ఒకే వరసలో ఉండటంతో ఆ వరస అచ్చం లేఅవుట్‌లాగే కనబడింది. కుంటలో కొత్త వెంచర్ పడిందని చాయ్ హోటళ్ళలో మొదలైన మాట వారం తిరిగేసరికి బడంగ్‌పేట దాకా పాకింది.

ఇంద్రమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కట్ట దిగింది. కింద సుమిత్రమ్మ టేపు పెద్దమనిషితో వాదించి వాదించి గొంతు పోగొట్టుకుని ఉంది. ఆయన పేరు జోగారావు, ఏదో ఆఫీసులో గుమాస్తా, ఆయనదీ కోస్తానే.

"చూడమ్మా, మీరు చదువుకున్నవారు. కావలసినవాళ్ళకి ముందుగా పంచేశామని ఒప్పేసుకుంటే పోలా? పిట్టలకి రాళ్ళు పాతామంటే ఎవరు నమ్ముతారండీ?" అంటున్నాడాయన.

"నమ్మకపోతే పోండి! బయటికి మాత్రం నడవండి!" అని సుమిత్రమ్మ అరవబోయింది, దగ్గు వచ్చింది. ఇంద్రమ్మను చూడగానే చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "ఇంద్రమ్మ గారూ, వీళ్ళు పొద్దున్నే దిగారు. తల్లులు గుడ్ల మీదకి రాక ఎంతసేపైందో! ఎండ చూస్తున్నారుగా, ఇంకాస్త ముదిరితే లోపల పిల్లలు ఉడికిపోతాయండీ. రేపోమాపో పగిలే గుడ్లు."

ఇంద్రమ్మ ఆకాశం వైపు చూసింది. ఎండ అప్పటికే చుర్రుమంటోంది. చెప్పుల్లేకుండా కాలు పెట్టలేనంతగా నేల కాగింది.

"గుడ్లున్నాయని చెప్పేద్దామా?" అడిగింది సుమిత్రమ్మ.

"వద్దు మేడం, వద్దు. గుడ్లంటె ఏడ ఏడ అని అందరు ఒంగి దేవులాడుతరు. కాళ్ళ కిందనే పడి చస్తయ్."

ఆమె జనం మధ్యకు పోయి గొంతెత్తింది. "ఓ అన్నా, ఓ అక్కా! గిది ప్లాట్ల జాగ కాదు. చెరువు శికం, సర్కారు భూమి. వానలు పడితె మీ నెత్తి మునిగే నీళ్ళొస్తయ్. పోన్రి, ఇండ్లకు పోన్రి!"

"ఎల్.బి.నగర్ల చెరువు కానిదేదో చెప్పరాదు?" అన్నాడు బీడీ మనిషి. అందరూ నవ్వారు.

"ఈమె మల్లేశమన్న వదినె కదా?" ఎవరో గుర్తుపట్టారు. "రాళ్ళకు సున్నం ఏస్తుంటె నేనే చూసిన. ఇంటోళ్ళంత కలిసి ఆగంజేస్తున్నరు మనల్ని!"

"పిట్టలకంట! పిట్టలు రిజిస్ట్రేషన్ చేయించుకుంటయా?"

మళ్ళీ నవ్వులు. ఇంద్రమ్మకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. కాదు అన్నకొద్దీ వాళ్ళకు నమ్మకం బలపడుతోంది. మల్లేశం వదిన వద్దంటోందంటే ఇందులో పెద్ద లాభమే ఉండి ఉంటుందని గుసగుసలు. పోదామనుకున్న ఇద్దరు ముగ్గురు కూడా వెనక్కి తిరిగి వచ్చారు.

అప్పుడు చివరి గూడు మీద ఆమె కన్ను పడింది. ఆ నాలుగు రాళ్ళ నడుమ ఒక నడివయసు మనిషి నల్లగొడుగు పట్టుకుని నిటారుగా నిలబడింది. చంకలో మూట. తీతువు మీదికి దూకినప్పుడల్లా గొడుగు ఊపి తరుముతోంది. ఆమె ఎడమ కాలికి జానెడు దూరంలో గుడ్లు. ఆమెకు ఆ సంగతి తెలియదు.

ఇంద్రమ్మ ఉరికింది. దగ్గరికి పోయి, ఊపిరి బిగబట్టి, "అక్కా, జర అట్లనే నిలబడు. కాలు తియ్యకు" అంది.

"తియ్యమన్నా తియ్య!" అంది ఆమె. "నా పెనిమిటి జానయ్య హద్దుకు పాత రాతి కడీలు తేవడానికి పోయిండు. ఆయన ఒచ్చిందాక పోలీసొచ్చినా ఈడికెళ్ళి కదల."

"అట్లనే, కదలకు. కానీ జర నీ కాలి దిక్కు చూడు."

"కిందికి చూస్తే ఎన్కకెళ్ళి గుంజుతవని నాకెర్క లేదా? నల్లగొండ నుంచి ఒచ్చినోళ్ళం, గంత ఎడ్డోళ్ళం కాదు."

పిట్ట మళ్ళీ దూకింది. ఆమె గొడుగు విసురుకు కాలు ఇంకాస్త జరిగింది. ఏమి చెబితే ఈ మనిషి వింటుంది? ఇంట్లో అత్త తీతువు కూత వినబడగానే తుపుక్కున ఊసి తలుపులు మూయడం గుర్తొచ్చింది.

"అక్కా, తీతువు గింతగనం మొత్తుకుంటున్న జాగ. గిసోంటి జాగల ఎవలన్న ఇల్లు గడ్తరా? అరిష్టం కాదా?"

ఆమె పకాలున నవ్వింది. "మా ఇంటి ఓనరు కూతల కంటె దీని కూత నయమక్కా! ఒక బిందె నీళ్ళెక్కువ తోడితె కూస్తడు. సుట్టాలొస్తె కూస్తడు. పిలగానికి జరమొచ్చి రాత్రి ఏడిస్తె దానికీ కూసె. ఏండ్ల సంది కిరాయింట్లనే ఉన్నం. నాలుగు రాళ్ళ నడుమ నాది అనే జాగ ఉంటె, తీతువు గాదు గుడ్లగూబ ఒచ్చి నెత్తిన కూసున్నా నాకు పరవా లేదు."

ఆ నాలుగు రాళ్ళూ ఇంద్రమ్మ తన చేతులతో పెట్టినవే. సున్నం పూసేటప్పుడు గుడ్లు గుర్తున్నాయి గానీ, ఇట్లాంటి మనిషి ఒకతె వాటిని చూసి ఇంత ఆశ పెట్టుకుంటుందని ఎందుకు తట్టలేదు? సిగ్గేసింది. చివరికి వంగి ఆమె పాదాల దగ్గర చేతులు జోడించింది.

"నీ పేరేందక్కా?"

"సైదమ్మ."

"సైదమ్మా, నీ కాలు మొక్కుత. నన్ను నమ్మకు. నీ పిలగాని మీద ఒట్టు, ఒక్కసారి కిందికి చూడు."

అంత పెద్ద తోట యజమానురాలు అంత కిందికి వంగేసరికి సైదమ్మ బిత్తరపోయి కిందికి చూసింది. మొదట ఏమీ కనబడలేదు. తర్వాత గులకరాళ్ళు కనబడ్డాయి. ఆ గులకరాళ్ళలో నాలుగు గుడ్లయ్యాయి. ఒక గుడ్డు మీద సన్నని బీట ఉంది. లోపలి నుంచి కీచుమని చిన్న సవ్వడి.

"అయ్యో నా తల్లి! గు..."

"మెల్లగ, మెల్లగ! అందరు ఉరికొస్తరు."

సైదమ్మ నోరు మూసుకుంది. కాసేపు గుడ్లను చూసింది, రాళ్ళను చూసింది. "గింత దానికా గీ రాళ్ళు? అంటె... ప్లాటు లేనట్టేనా?"

"లేదు బిడ్డా. ఈడ ఎవరికీ లేదు."

సైదమ్మ ముఖం పాలిపోయింది. అయినా పాదం ఎత్తి గాలిలోనే వెనక్కి తీసుకుని, చూసి చూసి రాళ్ళ దగ్గరికి జరిగింది. బయట కాలు పెట్టబోయి ఆగిపోయింది. టేపు చుట్టుకుంటూ జోగారావు ఇటే వస్తున్నాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు.

"నేను జరిగితె ఆయన ఒచ్చి నిలబడతడక్కా" అంది గొంతు తగ్గించి. "నేనుంటె పిట్ట రాదు. ఎట్ల?"

అదీ చిక్కు. ఒకరు జరిగితే ఇంకొకరు దిగుతారు. ఒక గూడు విడిపిస్తే ఇంకో గూడు తొక్కుతారు. అందరూ ఒక్కసారే పోవాలి, ఇప్పుడే పోవాలి. తల్లి పిట్ట కాస్త దూరంలో నేల మీద వాలి రెక్కలు వేలాడేసి, నోరు తెరుచుకుని రొప్పుతోంది. గుడ్ల మీద ఎండ నిలువునా పడుతోంది. ఇంద్రమ్మ దాన్ని చూసింది. ఎందుకు చేసిందో, ఎట్లా చేసిందో తర్వాత ఎప్పుడూ చెప్పలేకపోయింది గానీ, పక్కనున్న మట్టి గడ్డ ఎక్కి కేక పెట్టింది.

"ఓ! అందరు ఇనున్రి! ప్లాట్లు ఈడ కాదు! అసలు ప్లాట్లు మా అంగూరు తోటల పడుతున్నయ్! పట్టా భూమి! గీ రాళ్ళు ఉత్తుత్తివి, జనం ఆడ గుంపుగాకుండ పెట్టినం! ముందు పోయినోళ్ళకు ముందు!"

జోగారావు టేపు చేతిలోనే ఆగిపోయింది.

"నిజమేనా అక్కా?" సైదమ్మ గుసగుసగా అడిగింది.

సైదమ్మ ఇంద్రమ్మ కళ్ళలోకి చూసింది. అబద్ధమని పోల్చుకుందో, నిజమైతే బాగుండునని అనుకుందో, ఉన్నపళాన మూట చంకన బిగించి కట్ట వైపు లగెత్తింది. "అంగూరు తోటల ప్లాట్లంట! పట్టా భూమంట! నేనే ముందు!" అని అరుచుకుంటూ. ఒక మనిషి పరుగెత్తితే చాలదా? గొడుగులు, డబ్బాలు, పిల్లలు, స్కూటర్లు, జోగారావు, బీడీ మనిషి, అందరూ సైదమ్మ వెంట పడ్డారు. ఇంద్రమ్మ అడ్డంపడి అడ్డంపడి వాళ్ళను రాళ్ళ పక్కనుంచి తరిమింది. చూస్తుండగానే కుంట ఖాళీ అయింది.

అప్పుడు ఇంద్రమ్మకు కట్ట మీద తెల్లబట్టల్లో స్కూటర్‌కు ఆనుకుని నిలబడ్డ మల్లేశం కనబడ్డాడు. కుంటలో ఎవరో వెంచర్ వేశారని విని, ఆ మొనగాడెవడో చూద్దామని వచ్చాడట. వదిన కేక మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. నిదానంగా దిగి వచ్చాడు.

"వదినె, మూడేండ్ల సంది నీ కాళ్ళు పట్టుకున్న. ఇయ్యాల నువ్వే మైకు లేకుండ ప్రచారం జేస్తివి" అన్నాడు నవ్వుతూ.

"ఊకె అన్న మల్లేశం. జనాన్ని ఎల్లగొట్టడానికి."

"నాకెర్కే." అతని నవ్వు తగ్గింది. "తోట కాడికి పోయి మా వదినె ఊకె అన్నదని చెప్పమంటవా? చెప్త. కానీ ఇంకో గడియల మళ్ళ ఈడికే వస్తరు. ఈసారి ఇట్ల నవ్వుకుంట రారు, కోపం మీదొస్తరు. ఒక్క రాయి ఉండదు, ఒక్క గుడ్డుండదు. నేను బెదిరిస్తలేను వదినె. ఉన్న మాటంటున్న."

సుమిత్రమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది.

ఇంద్రమ్మ తోట వైపు చూసింది. పందిరి రాతి కడీలు కనబడుతున్నాయి. మొదటి తీగ పాకించిన రోజు ఎల్లయ్య ఎంత సంబరపడ్డాడో! చుట్టుపక్కల పదిళ్ళకు బెల్లం పంచాడు. ఆ తోటను మూడేళ్ళు ఒంటిచేత్తో కాపాడుకుంది. బోరు ఎండినా, కోడలు సాధించినా, పక్క తోటలు ఒక్కొక్కటే కాలనీలైనా తను జంకలేదు. ఇప్పుడు తన నోటితోనే ఇచ్చేసింది.

అంతలో తల్లి పిట్ట లేచింది. కుంట లోతట్టులో మిగిలిన బురదగుంట దగ్గర వాలింది. నీళ్ళలో కూర్చుని కడుపు ఈకలు తడుపుకుంది. బొట్లు రాలుతుండగా ఎగిరివచ్చి, రాళ్ళ బయట ఆగి, తల అటూ ఇటూ తిప్పి వీళ్ళను చూసింది. ముగ్గురూ కదల్లేదు. మల్లేశం కూడా ఊపిరి బిగబట్టాడు. పిట్ట నడిచి వెళ్ళి గుడ్ల మీద తడి కడుపు ఆనించి, రెక్కలు కాస్త విప్పి కూర్చుంది.

"సంతకం పెడత" అంది ఇంద్రమ్మ.

"మాట మీద ఉంటవా?"

"ఉంట. నల్లగొడుగు పట్టుకున్న సైదమ్మ అని ఒకామె ముందుగాల ఉరికింది. జాగ ముందు ఆమెకు చూపియ్యి. నేను చెప్పిన్నని చెప్పు."

"సరే." మల్లేశం తల ఊపి రెండడుగులు వేసి, మళ్ళీ తిరిగాడు. అడగడానికి మొహమాటపడుతూ మెడ గోక్కున్నాడు. "వదినె, జనం ఆడ నిలబడి ఉంటరు. ఇయ్యాలనే నాలుగు రాళ్ళన్న పాతి చూపియ్యకుంటె నమ్మరు. గీ సున్నం ఇంకేమన్న మిగిలిందా?"

సుమిత్రమ్మ ముఖం తిప్పుకుంది. ఇంద్రమ్మ కట్ట కింద తుమ్మ పొద వైపు చెయ్యి చూపింది.

"బకెట్ల ఉన్నది. కుంచె కూడ అండ్లనే ఉంది. అడుగున బంక పేరుకుంటది, మంచిగ కలుపు. లేకుంటె ఒక్క వానకే పోతది."

మల్లేశం బకెట్ అందుకుని తోట వైపు నడిచాడు. ఇంద్రమ్మ అటు చూడలేదు. కళ్ళు తుడుచుకుని, సుమిత్రమ్మ మెడలోని బైనాక్యులర్స్ అడిగి తీసుకుని, మిగతా అయిదు గూళ్ళకు తల్లులు వచ్చాయో లేదో ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టింది.